పడగొట్టలేని సభకు జవాబు

మన రాజ్యాంగం 75వ అధికరణంలోని మూడో క్లాజులో ఉన్నది ఒకే ఒక్క వాక్యం. మంత్రిమండలి లోక్‌సభకు ఉమ్మడిగా బాధ్యత వహించాలని అది చెబుతుంది. రాజ్యసభ ప్రస్తావన అందులో లేదు. రాజ్యసభలో ప్రభుత్వం మీద అవిశ్వాస తీర్మానం పెట్టడానికి వీల్లేదు. బడ్జెట్ మీద అక్కడ చర్చ జరుగుతుంది కానీ, శాఖల పద్దుల మీద ఓటింగ్ ఉండదు. ద్రవ్య బిల్లు వస్తే 14 రోజుల్లో తిప్పి పంపాలి. దానికి జోడించిన సిఫార్సులను లోక్‌సభ స్వీకరించవచ్చు, తోసిపుచ్చనూ వచ్చు. కాగితం మీద చూస్తే రాజ్యసభ సభ్యులంతా ఒక్కటై కోపగించినా ప్రభుత్వం పడిపోదు.

అయినా సమావేశాలు జరిగే రోజుల్లో అక్కడ ప్రశ్నోత్తరాల సమయం ఉంటుంది. లోక్‌సభ నుంచి గెలిచిన మంత్రులు ఫైళ్లు పట్టుకుని రాజ్యసభకు వచ్చి, తమ ప్రభుత్వాన్ని కూల్చలేని సభ్యుల ముందు నిలబడి జవాబు చెబుతారు. ప్రధానమంత్రి చేతిలో ఉన్న శాఖలకు అక్కడ గురువారం కేటాయించారు. జవాబు సరిగా లేకపోతే అనుబంధ ప్రశ్న వస్తుంది. ఇచ్చిన మాట నెరవేరకపోతే ఒక కమిటీ వెంటపడుతుంది. ఇదంతా 75వ అధికరణం రాసిపెట్టింది కాదు. మనుషులు కూర్చుని, ఆలోచించి, ఒక్కొక్క భాగమూ చేర్చి కట్టిన ఏర్పాటు. ఆ పనితనాన్ని దగ్గరగా చూడాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఆ కట్టడానికి ఆధారమైన 88వ అధికరణం చూద్దాం. మంత్రి ఏ సభ సభ్యుడైనా రెండు సభల్లోనూ మాట్లాడవచ్చు, చర్చల్లో పాల్గొనవచ్చు. ఓటు మాత్రం తన సభలోనే. బ్రిటన్‌లో ఈ వీలు లేదు. హౌస్ ఆఫ్ కామన్స్ సభ్యుడైన మంత్రి లార్డ్స్ సభలో మాట్లాడడు. అతని శాఖ తరఫున అక్కడ మరొకరు జవాబు చెబుతారు. మన రాజ్యాంగ నిర్మాతలు బ్రిటన్ పద్ధతులెన్నో తీసుకున్నారు కానీ ఈ గోడను మాత్రం కట్టలేదు. నిర్ణయం తీసుకున్న మనిషే రెండు చోట్లా స్వయంగా నిలబడే దారి తెరిచారు.

అయితే ఆ అధికరణం ఇచ్చింది హక్కు మాత్రమే. మంత్రి వెళ్లి మాట్లాడవచ్చు అంటుందే తప్ప వెళ్లి తీరాలనదు. ఆ హక్కును బాధ్యతగా మార్చింది ఆచారం. ఆచారాలు వాటంతటవే పుట్టవు. మొదటి రోజుల్లో పెద్ద పదవుల్లో ఉన్నవాళ్లు ఎలా ప్రవర్తిస్తే అవి అలా స్థిరపడతాయి. రాజ్యసభ విషయంలో ఆ మొదటి రోజులు 1952, 53, 54 సంవత్సరాలు.

1952 మే 13న రాజ్యసభ తొలిసారి సమావేశమైంది. అప్పటికి దాని పేరు కౌన్సిల్ ఆఫ్ స్టేట్స్. రాజ్యసభ అన్న పేరు 1954 ఆగస్టులో వచ్చింది. మొదటి సభలో సభ్యులు 216 మంది. వారిలో 12 మంది రాష్ట్రపతి నామినేట్ చేసినవారు. సభానాయకుడు ఎన్. గోపాలస్వామి అయ్యంగార్. 1947 జులైలో రాజ్యాంగ సభలో రెండో సభ ఎందుకో వివరించినది ఆయనే. ముఖ్యమైన విషయాల మీద హుందాగా చర్చ జరగడానికి, క్షణికమైన ఆవేశంలో పుట్టే చట్టాలను ఆవేశం చల్లారే దాకా ఆపడానికి ఇది పనికొస్తుందని ఆయన చెప్పారు. అంతకుమించి పెద్ద ఆశలు పెట్టలేదు. సభను ఊహించిన మనిషి చేతికే దాన్ని నడిపే పని వచ్చింది.

అధ్యక్ష స్థానంలో సర్వేపల్లి రాధాకృష్ణన్ ఉన్నారు. తిరుత్తణిలో తెలుగు కుటుంబంలో పుట్టి, 1931 నుంచి 1936 దాకా ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్‌గా పనిచేసిన తత్వవేత్త. ఉపరాష్ట్రపతిగా పదేళ్లు ఆ కుర్చీలో కూర్చున్నారు. ప్రభుత్వాలను నిలబెట్టలేని, పడగొట్టలేని సభ కాబట్టి ఇది దండగ అని జనం అనుకుంటున్నారని ఆయనకు తెలుసు. ఆ మాటను దాచకుండా సభలోనే ప్రస్తావించి, చట్టాలను సరిదిద్దే సభ చేయగల పని చాలా ఉందని సభ్యులకు చెప్పారు. తాను ఏ పార్టీకీ చెందనని, అంటే సభలోని అన్ని పార్టీలకూ చెందుతానని ప్రకటించారు. 1962లో ఆయన ఆ కుర్చీ విడిచి రాష్ట్రపతి పదవికి వెళ్తున్నప్పుడు, ఈ సభ సమావేశాలను కుటుంబ సమావేశాల్లా మార్చారని నెహ్రూ కొనియాడారు.

సభ మొదలైన ఏడాదికే పరీక్ష ఎదురైంది. 1953 ఏప్రిల్ చివరలో ఆదాయపు పన్ను సవరణ బిల్లు రాజ్యసభకు వచ్చింది. అది ద్రవ్య బిల్లు అని స్పీకర్ ధ్రువీకరించారు. నిజంగా ఇది ద్రవ్య బిల్లేనా అని కొందరు సభ్యులు సందేహం లేవనెత్తారు. అప్పటికి గోపాలస్వామి అయ్యంగార్ కన్నుమూశారు. న్యాయ మంత్రి సి.సి. బిశ్వాస్ సభానాయకుడిగా ఉన్నారు. ఆ చర్చలో స్పీకర్ ధ్రువీకరణ గురించి ఆయన అన్న మాటలు లోక్‌సభ సభ్యులకు కష్టం కలిగించాయి. తమ స్పీకర్ గౌరవానికి భంగం కలిగిందని భావించి, మంత్రి వచ్చి వివరణ ఇవ్వాలని అడిగారు. దానికి రాజ్యసభ కదిలింది. మా సభానాయకుడు ఈ విషయం మీద ఏ హోదాలోనూ ఆ సభ ముందు హాజరు కాకూడదని తీర్మానం చేసింది.

చిక్కు ఎంత గట్టిగా పడిందో గమనించండి. బిశ్వాస్ మంత్రిగా లోక్‌సభకు బాధ్యుడు. సభానాయకుడిగా రాజ్యసభ మాట వినాల్సినవాడు. ఒక సభ రమ్మంటోంది, ఒక సభ వెళ్లవద్దంటోంది. ఇరవై నాలుగు గంటల్లో పత్రికలు రెండు సభల పోరు అని రాయదగిన పరిస్థితి. ప్రధాని నెహ్రూ లోక్‌సభ సభ్యుడు. ఆయన పార్టీకి ఆ సభలో 489 స్థానాల్లో 364 ఉన్నాయి. ఆయన ప్రభుత్వం బతికేది ఆ సభ విశ్వాసం మీదే. రాజకీయంగా సులువైన దారి ఏదో చిన్నపిల్లవాడికైనా తెలుస్తుంది.

1953 మే 6న నెహ్రూ రాజ్యసభకు వచ్చి ఒక ప్రకటన చేశారు. పార్లమెంటరీ పనితనానికి ఇంతకన్నా మంచి నమూనా మన చరిత్రలో అరుదు. అందులోని ఆలోచనను అడుగడుగునా చూడాలి.

మొదటి అడుగులో ఆయన అధికారం ఎక్కడి నుంచి వస్తుందో తేల్చారు. పార్లమెంటు అంటే రెండు సభలు. రెండింటికీ రాజ్యాంగమే పని పంచి ఇచ్చింది. కాబట్టి ఒక సభ అధికారం ఇంకో సభ దయ కాదు. రెండో అడుగులో బ్రిటన్ పోలికను పక్కన పెట్టారు. అక్కడి సంప్రదాయాలు కొన్ని శతాబ్దాల ఘర్షణలోంచి వచ్చాయి. మొదట రాజుతో, తర్వాత కామన్స్‌కూ లార్డ్స్‌కూ మధ్య. మనకు ఆ చరిత్ర లేదు, కాబట్టి ఆ పగలూ మనకు అక్కర్లేదు. ఈ మాటతో లోక్‌సభలో ఉన్న ఒక ఊహ కరిగిపోయింది. రాజ్యసభ అంటే లార్డ్స్ లాంటి పాతకాలపు ప్రభువుల సభ, దాన్ని అదుపులో పెట్టడమే ప్రజాస్వామ్యం అన్నదే ఆ ఊహ. పై సభ, కింది సభ అని పిలవడమే సరికాదని కూడా ఆయన అన్నారు.

మూడో అడుగు ప్రకటనకు గుండెకాయ. ఏ ఒక్క సభా పార్లమెంటు కాదు, రెండూ కలిస్తేనే భారత పార్లమెంటు అని చెప్పారు. ప్రతి సభకూ తన పని తాను నడుపుకునే పూర్తి అధికారం ఉందన్నారు. రెండు సభల మధ్య సహకారం, పరస్పర గౌరవం లేకపోతే రాజ్యాంగమే నడవదని, ఆ గౌరవాన్ని నిలబెట్టడం అందరి మీదా ఉన్న కర్తవ్యమని అన్నారు. నాలుగో అడుగు చివరిదాకా ఆగి వేశారు. రాజ్యాంగం రెండు సభలనూ సమానంగా చూస్తుంది, కొన్ని ఆర్థిక విషయాలు మాత్రం లోక్‌సభవే. అవి ఏవో చెప్పడంలో స్పీకర్ మాటే చివరిది.

వరుసలోనే పనితనం ఉంది. గొడవకు మూలమైన ప్రశ్న మీద తీర్పు లోక్‌సభకు, స్పీకర్‌కు అనుకూలంగా వచ్చింది. దాన్నే ముందు చెప్పి ఉంటే రాజ్యసభ సభ్యులకు మందలింపులా వినిపించేది. ముందు వారి స్థానం ఎంత పెద్దదో చెప్పి, తర్వాత దాని హద్దు ఎక్కడుందో చూపించడం వల్ల ఆ హద్దు అవమానంగా తోచలేదు. రాజ్యసభకు లేని అధికారం ఏదీ ఉందని ఆయన పొగడలేదు. లోక్‌సభకు ఉన్నదేదీ తగ్గించలేదు. రెండు సభల్లో ఏదీ ఓడిపోకుండా ఒక చట్టపరమైన ప్రశ్నకు స్పష్టమైన జవాబు ఇచ్చారు. ఆ ప్రకటనతో వివాదం ముగిసింది.

మాటతో ఆగి ఉంటే అది మంచి ప్రసంగంగా మిగిలేది. ఆరు రోజులకే, మే 12న నెహ్రూ లోక్‌సభలో ఒక తీర్మానం ప్రవేశపెట్టారు. పబ్లిక్ అకౌంట్స్ కమిటీలో పాల్గొనడానికి ఏడుగురు సభ్యులను ఎంపిక చేయాలని రాజ్యసభను కోరుదామన్నది ఆ తీర్మానం. ప్రభుత్వం చేసిన ఖర్చును కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ నివేదికల ఆధారంగా పరిశీలించే కమిటీ అది. అప్పటిదాకా పూర్తిగా లోక్‌సభదే. డబ్బు విషయాలు తమవని ఇప్పుడే కదా అన్నారని లోక్‌సభ సభ్యులు అభ్యంతరం చెప్పారు. వారి భయం న్యాయమైనదే.

ఇక్కడ నాకు ఎక్కువ నచ్చే విషయం నెహ్రూ తొందరపడకపోవడం. నాలుగింట మూడొంతులకు దగ్గరగా బలం ఉన్న పార్టీ ఆ తీర్మానాన్ని వెంటనే నెగ్గించుకోగలదు. అది నెగ్గింది ఏడు నెలల తర్వాత, 1953 డిసెంబర్ 24న. ఈలోగా అభ్యంతరాలకు సమాధానం దొరికింది. కమిటీ లోక్‌సభ కమిటీగానే, స్పీకర్ అదుపులోనే ఉంటుంది. రాజ్యసభ సభ్యులు అందులో చేరి పనిచేస్తారు. అంచనాల కమిటీ మాత్రం పూర్తిగా లోక్‌సభకే మిగిలింది. ఖర్చు పెట్టమని అనుమతించే అధికారం ఒక సభకే. ఆ ఖర్చు సక్రమంగా జరిగిందా అని చూసే కళ్లు మాత్రం రెండు సభలవి. లోక్‌సభ నుంచి 15 మంది, రాజ్యసభ నుంచి ఏడుగురు అన్న ఆ లెక్క డెబ్బై ఏళ్లు దాటినా అలాగే ఉంది. రాజ్యాంగంలో ఒక్క అక్షరం మార్చకుండా, రాజ్యసభకు ప్రభుత్వ ఖాతాలు చూసే వీలు కల్పించిన పని ఇది.

1954 మేలో గౌరవానికి సంబంధించిన మరో చిక్కు వచ్చింది. లోక్‌సభ సభ్యుడైన ఎన్.సి. చటర్జీ ప్రత్యేక వివాహ బిల్లు సందర్భంగా సభ బయట మాట్లాడుతూ, పెద్దల సభ కుర్రకారు మూకలా బాధ్యత లేకుండా ప్రవర్తిస్తోందన్న అర్థంలో విమర్శించారు. రాజ్యసభ దీన్ని తన హక్కులకు భంగంగా భావించి వివరణ అడిగింది. మా సభ్యుణ్ని మీరు అడగడమేమిటని లోక్‌సభలో నిరసన వచ్చింది. దీన్ని రెండు సభల హక్కుల కమిటీలు కలిసి కూర్చుని పరిష్కరించాయి. 1954లో ఇచ్చిన ఉమ్మడి నివేదిక ఒక పద్ధతి చెప్పింది. ఒక సభ సభ్యుడు ఇంకో సభను అగౌరవపరిస్తే, నొచ్చుకున్న సభ అతన్ని తన ముందుకు పిలవదు. విషయాన్ని అతని సొంత సభ అధ్యక్షుడికి పంపుతుంది. ఆ సభ దాన్ని తనకే అవమానం జరిగినట్టు భావించి విచారిస్తుంది. అదే ఏడాది డిసెంబర్‌లో రెండు సభలూ దీన్ని ఆమోదించాయి. ఇతరుల గౌరవాన్ని మన గౌరవంలా కాపాడాలన్న నీతిని పని జరిగే నిబంధనగా మార్చడం చిన్న విషయం కాదు.

ఇవి పెద్ద అతుకులు. ప్రతిరోజూ పనిచేసే చిన్న మరలు కూడా ఉన్నాయి. వాటిలో మొదటిది ప్రశ్న. మొదట్లో రాజ్యసభలో ప్రతి సమావేశ దినానా ప్రశ్నలకు గంట సమయం ఉండేది కాదు. క్రమంగా అది సాధించుకున్నారు. సభ్యుడు 15 రోజుల ముందు నోటీసు ఇస్తాడు. మౌఖిక జవాబు కోరితే ప్రశ్నకు నక్షత్రం గుర్తు పెడతారు. రాతపూర్వక జవాబు బల్ల మీదికి వచ్చాక, దాని మీద అనుబంధ ప్రశ్నలు మొదలవుతాయి. అక్కడే మంత్రి అసలు సరుకు తెలుస్తుంది. రాతజవాబు శాఖ అధికారులు తయారుచేస్తారు. అనుబంధ ప్రశ్నకు మంత్రే జవాబు చెప్పాలి. తన శాఖ గురించి తనకెంత తెలుసో ఆ కొద్ది నిమిషాల్లో దేశానికి తెలిసిపోతుంది. 2014 శీతాకాల సమావేశాల నుంచి ఈ సమయాన్ని ఉదయం 11 గంటల నుంచి మధ్యాహ్నం 12 గంటలకు మార్చారు. ఉదయపు గొడవల్లో ప్రశ్నలు కొట్టుకుపోకూడదన్నది ఉద్దేశం.

రెండోది, నా దృష్టిలో అన్నిటికన్నా నేర్పుగా చేసినది, ప్రభుత్వ హామీల కమిటీ. రాజ్యసభ దీన్ని 1972లో ఏర్పాటు చేసుకుంది. మంత్రులు సభలో తరచుగా అనే మాటలు కొన్ని ఉంటాయి. పరిశీలిస్తాం, ఆలోచనలో ఉంది, సమాచారం సేకరించి సభ ముందు ఉంచుతాం, రాష్ట్ర ప్రభుత్వానికి రాస్తాం. తప్పించుకోవడానికి ఇవి చక్కటి మాటలు. వాటిని జాబితా రాసి, ఇలాంటి మాట మంత్రి నోట వస్తే అది హామీ కింద లెక్క అని స్థిరపరిచారు. పార్లమెంటరీ వ్యవహారాల శాఖ సభా కార్యకలాపాలు చదివి ఆ మాటలను ఏరి, సంబంధిత శాఖకు పంపుతుంది. మూడు నెలల్లో నెరవేర్చాలి. కుదరకపోతే గడువు అడగాలి. అసలు చేయలేమంటే కారణం చెప్పి, ఆ హామీని రద్దు చేయమని కమిటీని ఒప్పించాలి. కమిటీలో పది మంది ఉంటారు. అధికారులను పిలిచి అడుగుతారు.

ఇందులోని ఆలోచన ఎంత లోతైనదో చూడండి. ప్రభుత్వాన్ని దింపే అధికారం లేని సభ, ప్రభుత్వం తన నోటితో అన్న మాటను పట్టుకుంది. బయటి నుంచి శిక్ష వేయలేదు కాబట్టి, మంత్రి మాటనే మంత్రికి బాధ్యతగా మార్చింది. ఇలాంటివే మరికొన్ని. చట్టం కింద ప్రభుత్వం చేసే నిబంధనలు చట్టం దాటిపోయాయా అని చూసే కమిటీని 1964లో, సభ ముందు పెట్టాల్సిన నివేదికలు సకాలంలో వస్తున్నాయా అని చూసే కమిటీని 1981లో రాజ్యసభ ఏర్పాటు చేసుకుంది. 1993లో శాఖలవారీ స్థాయీ సంఘాలు వచ్చాయి. ప్రస్తుతం ఉన్న 24 సంఘాల్లో ఎనిమిది రాజ్యసభ ఛైర్మన్ అదుపులో ఉన్నాయి. ప్రతి సంఘంలోనూ 31 మందిలో పది మంది రాజ్యసభ సభ్యులు.

ఈ కట్టడం బరువు మోయగలదా అన్నది పెద్ద ప్రభుత్వాలు ఢీకొన్నప్పుడే తెలిసింది. రాజభరణాల రద్దు కోసం ఇందిరా గాంధీ ప్రభుత్వం తెచ్చిన రాజ్యాంగ సవరణ బిల్లు 1970 సెప్టెంబర్ 5న రాజ్యసభలో ఓటింగుకు వచ్చింది. అనుకూలం 149, వ్యతిరేకం 75. హాజరై ఓటు వేసిన 224 మందిలో మూడింట రెండొంతులు అంటే 149 కన్నా కాస్త ఎక్కువ. ఒక ఓటులో మూడో వంతు తగ్గి బిల్లు వీగిపోయింది. సభ కాదన్న పనిని ప్రభుత్వం రాష్ట్రపతి ఉత్తర్వుతో చేయబోయింది. ఆ డిసెంబర్‌లోనే సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. రాజభరణాలు పోవడం న్యాయమేనని నమ్మేవారు కూడా ఇక్కడ ఒప్పుకోవలసినది ఒకటి ఉంది. సభ గుండా వెళ్లాల్సిన దారిని తప్పించి వెళ్తే పని నిలవదు. చివరికి ఆ పని 1971లో 26వ సవరణతో, రెండు సభల ఆమోదంతోనే పూర్తయింది.

ఎనిమిదేళ్ల తర్వాత దీనికి పూర్తిగా భిన్నమైన దృశ్యం కనిపిస్తుంది. అత్యవసర పరిస్థితి కాలంలో రాజ్యాంగానికి జరిగిన గాయాలను మాన్పడానికి జనతా ప్రభుత్వం 1978లో ఒక పెద్ద సవరణ బిల్లు తెచ్చింది. లోక్‌సభలో ఆ ప్రభుత్వానికి బలం ఉంది. రాజ్యసభలో లేదు. బిల్లును నడిపిన న్యాయ మంత్రి శాంతి భూషణ్ రాజ్యసభ సభ్యుడే. సభ ఐదు క్లాజులను తొలగించింది. రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని మార్చాలంటే ప్రజాభిప్రాయ సేకరణ జరపాలన్న ప్రతిపాదన వాటిలో ఒకటి. మొరార్జీ దేశాయ్ ప్రభుత్వం పంతానికి పోలేదు. ఆ తొలగింపులను అంగీకరించింది, డిసెంబర్‌లో లోక్‌సభ కూడా సరేనంది. అదే 44వ సవరణ. ఇకమీదట అంతర్గత కల్లోలం పేరుతో అత్యవసర పరిస్థితి పెట్టడానికి వీల్లేదు, సాయుధ తిరుగుబాటు ఉండాలి. 20, 21 అధికరణాల్లోని హక్కులను అత్యవసర పరిస్థితిలో కూడా సస్పెండ్ చేయడానికి లేదు. ఈనాడు ఈ దేశంలో ప్రతి పౌరుడూ ఆ రక్షణ కింద బతుకుతున్నాడు. తనకు ఎదురున్న సభను గౌరవించి, కావలసిన వాటిలో కొన్నింటిని వదులుకోవడానికి ఒక ప్రభుత్వం సిద్ధపడింది కాబట్టే అది మనకు దక్కింది. 1953లో నాటిన మర్యాదకు ఇంతకన్నా మంచి ఫలం నాకు కనిపించదు.

తెలుగువారికి రాజ్యసభతో ఉన్న సంబంధం దూరపు చుట్టరికం కాదు. 1953 సెప్టెంబర్‌లో ఆంధ్ర రాష్ట్ర బిల్లు ఆ సభలో చర్చకు వచ్చింది. అప్పుడు రాజ్యసభ సభ్యుడైన అంబేడ్కర్, కొత్త రాష్ట్రంలో అల్పసంఖ్యాకుల రక్షణకు ఏ ఏర్పాటు ఉందని హోం మంత్రి కైలాస్‌నాథ్ కాట్జూను నిలదీశారు. కాట్జూ లోక్‌సభ సభ్యుడు. రాజ్యాంగాన్ని రాసిన కమిటీ అధ్యక్షుడి పదునైన ప్రశ్నలకు వచ్చి నిలబడవలసి వచ్చింది. మన రాష్ట్రం పుట్టకముందే దాని మంచిచెడ్డల గురించి ప్రభుత్వం జవాబు చెప్పుకున్న చోటు అది.

అరవై ఏళ్ల తర్వాత మళ్లీ అదే సభ. 2014 ఫిబ్రవరి 20న ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లు మీద రాజ్యసభలో చర్చ జరిగింది. ప్రధాని మన్మోహన్ సింగ్ లేచి ఆరు అంశాలతో ప్రకటన చేశారు. వాటిలో మొదటిది, 13 జిల్లాల ఆంధ్రప్రదేశ్‌కు ఐదేళ్ల పాటు ప్రత్యేక తరగతి హోదా. అది పదేళ్లు ఉండాలని ప్రతిపక్షం నుంచి వెంకయ్య నాయుడు అడిగారు. ఆ హామీ బిల్లులో చేరలేదు. రాజ్యసభ సవరణ చేసి ఉంటే బిల్లు మళ్లీ లోక్‌సభకు వెళ్లాల్సి వచ్చేది. కొన్ని నెలలకే ప్రభుత్వం మారింది. 2016 సెప్టెంబర్‌లో కేంద్రం హోదాకు బదులుగా ప్రత్యేక సాయం ప్రకటించింది.

ఈ పనితనానికి ఉన్న హద్దు ఇక్కడ కనిపిస్తుంది, దాన్ని దాచడం న్యాయం కాదు. సభలో చెప్పిన మాట చట్టం కాదు. అయినా అది గాలిలో కలిసిపోలేదు. ఆ హామీ ఏమైందని అనేక పార్టీల సభ్యులు అదే సభలో ఏళ్ల తరబడి అడిగారు, మంత్రులు జవాబు చెప్పవలసి వచ్చింది. రాజ్యసభ రద్దు కాదు. రెండేళ్లకోసారి మూడో వంతు సభ్యులు మారతారు, సభ కొనసాగుతుంది. ప్రభుత్వాలు మారినా, మాట విన్న సభ అక్కడే ఉంటుంది. ఎప్పుడు ఎవరు ఏమన్నారో దాని రికార్డుల్లో ఉంటుంది.

మన రాష్ట్రాల శాసనమండళ్లకు ఆ భద్రత లేదు. 169వ అధికరణం ప్రకారం శాసనసభ ప్రత్యేక మెజారిటీతో తీర్మానం చేస్తే, పార్లమెంటు మండలిని రద్దు చేయవచ్చు. ఆంధ్రప్రదేశ్ మండలి 1958లో ఏర్పడి, 1985లో రద్దయి, 2007లో తిరిగి వచ్చింది. 2020 జనవరిలో, రాజధాని బిల్లులను మండలి సెలెక్ట్ కమిటీకి పంపాలన్నప్పుడు, శాసనసభ మళ్లీ రద్దు తీర్మానం చేసింది. 2021 నవంబర్‌లో దాన్ని వెనక్కి తీసుకుంది. ఎవరి వాదన సరైనదన్నది వేరే విషయం. తనను రద్దు చేయగల చేతి ముందు నిలబడి అడగవలసిన సభకూ, ఆ భయం లేని సభకూ మధ్య తేడా తెలుగువారికి అనుభవంలో తెలిసినట్టు మరొకరికి తెలియదు. ఆ అనుభవం ఉన్నవాళ్లం కాబట్టే రాజ్యసభ చుట్టూ కట్టిన ఈ ఏర్పాటు విలువ మనం గట్టిగా చెప్పగలం.

ఆ విలువ ఎల్లకాలం దానంతటదే నిలవదు. 2016లో ఆధార్ బిల్లు ద్రవ్య బిల్లుగా వచ్చింది. రాజ్యసభ సూచించిన ఐదు సవరణలను లోక్‌సభ అదే రోజు తోసిపుచ్చింది. ఏది ద్రవ్య బిల్లు అన్న 1953 నాటి ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 2019లో విస్తృత ధర్మాసనానికి చేరింది. స్పీకర్ ధ్రువీకరణ సక్రమమా కాదా అన్నది న్యాయమూర్తులు చెబుతారు. ఆ అధికారాన్ని ఎప్పుడు వాడాలి, ఎప్పుడు వాడకుండా ఆగాలి అన్నది ప్రభుత్వాల సంస్కారం చెప్పాలి. 2020 సెప్టెంబర్‌లో కరోనా కారణంగా ప్రశ్నోత్తరాల సమయాన్ని రద్దు చేసినప్పుడు, ఆ గంట లేకపోతే సభ ఎంత బలహీనమవుతుందో అందరికీ తెలిసింది.

ఓటుతో దించగలిగే సభకు ఏ ప్రభుత్వమైనా జవాబు చెబుతుంది, చెప్పక తప్పదు కాబట్టి. దించలేని సభకు జవాబు చెప్పినప్పుడే పాలకుడికి ప్రజాస్వామ్యం మీద ఉన్న నమ్మకం తెలుస్తుంది. ఆ నమ్మకాన్ని మనుషుల మంచితనానికి వదిలేయకుండా ప్రకటనగా, కమిటీగా, గడువుగా, నోటీసుగా మలిచినవాళ్లు మనకు పూర్వులు. ఏ పార్టీ నాయకుడు ప్రధాని అయినా అతన్ని కొలవడానికి మన దగ్గర ఒక మంచి కొలబద్ద ఉంది. రాజ్యసభలో ఎంతసేపు కూర్చున్నాడు, అక్కడ అడిగిన దానికి ఏం చెప్పాడు, చెప్పింది ఎంత నెరవేర్చాడు. ఓటు అడగడానికి వచ్చినప్పుడు ఈ మూడు ప్రశ్నలూ మనం కూడా అడగాలి.